ఎవరూ చూడని గోల్

గోల్ పడిన క్షణంలో గట్టు మీదున్న పెద్దవాళ్లలో ఒక్కరంటే ఒక్కరూ మైదానం వైపు చూడటం లేదు. అందరి వీపులూ ఆట వైపు, మొహాలన్నీ ఒకరి మీదికొకరివి. ఆ పూట ఎవరి కోపం వాళ్లకు న్యాయంగానే కనిపించింది మరి.

గొడవకు అగ్గి రాజేసింది వకీలమ్మ. ఆవిడ నిజంగానే వకీలు. కూతురు గోల్‌కీపరు. గొడుగు మడిచి కర్రలా పట్టుకుని, "మీ క్లబ్బులో పద్ధతి మారకపోతే మా అమ్మాయిని నది అవతలి క్లబ్బులో చేర్పిస్తాను. నా వెనకాల ఇంకా చాలామంది వస్తారు, చూసుకోండి," అంది.

కోచ్ అంతసేపూ గీత పక్కన నిలబడి బుద్ధిగా ఆట చూసుకుంటున్న మనిషి. ఆ మాటకు ఇటు తిరిగాడు. వచ్చే సీజన్‌కు క్లబ్బు ఆడపిల్లల్ని రెండు జట్లుగా విడదీస్తోంది. బాగా ఆడేవాళ్లతో పై లీగ్‌కు ఒక జట్టు, మిగిలినవాళ్లతో కింది లీగ్‌కు ఒకటి. "మీ అమ్మాయి పై జట్టులోనే ఉందిగా మేడమ్?" అన్నాడు.

"ఉంటే సరా? పక్కన ఆడేవాళ్లూ ఆ స్థాయిలో ఉండొద్దూ?"

ఆ మాట లిఫ్టు మెకానిక్‌కు సూటిగా వచ్చి తగిలింది. పై జట్టులో మిగిలింది ఒక్కటే చోటు. దానికి పోటీలో ఉన్నది ఇద్దరు. ఒకతె అతని కూతురు. పొట్టిగా, చురుగ్గా ఉంటుందని జట్టంతా పిచ్చుక అని పిలిచే పిల్ల. రెండోది అతని బావమరిది కూతురు, కాళ్లే తప్ప ఒళ్లు కనపడని జిరాఫీ. వరసకు వదినామరదళ్లు. ఈ ఆటలో ఎవరు మెరిస్తే వాళ్లదే ఆ చోటు అని కోచ్ ముందే చెప్పి ఉంచాడు.

"స్థాయి అంటే ఏంటండీ? మీ ఇంట్లో తూకం రాయి ఉందా?" అని మెకానిక్ గొంతు లేచింది. ఆ గొంతు మామూలుది కాదు. పై అంతస్తులో నిలబడి, లిఫ్టు గూట్లోంచి అడుగున ఉన్న హెల్పరుకు వినపడేలా కేకలేసి కేకలేసి అలా తయారైంది. దానికి తోడు బావమరిది గొంతు కలిసింది. బావమరిదిది టైల్స్ దుకాణం. "కింది లీగ్‌లో పది గోల్స్ కొట్టడంకన్నా పై లీగ్‌లో పది తినడమే పరువు," అన్నాడు. బేకరీ ఆయన మెల్లిగా, "అసలు పిల్లల్ని విడదీయడం ఎందుకు? అందరూ కలిసి మధ్య లీగ్‌లో ఆడుకుంటే కొంపలేం మునుగుతాయి?" అన్నాడు. మునుగుతాయని అందరూ ఒక్కసారే ఆయన మీద పడ్డారు. అప్పటిదాకా తిట్టుకుంటున్నవాళ్లు కలిసింది ఆ ఒక్క విషయంలోనే.

బావమరిది ప్రతి ఆటనూ ఫోన్లో మొదటినుంచి చివరిదాకా తీస్తాడు. ఆ రోజూ తీస్తున్నాడు. కానీ వకీలమ్మ నోరు పారేసుకోగానే, రేపు నేనలా అనలేదంటుందేమోనని, సాక్ష్యం కోసం ఫోన్‌ను మైదానం మీంచి ఆవిడ మీదికి తిప్పాడు.

మెకానిక్ మళ్లీ ఆ తూకం రాయి మాటే అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి కేక పుట్టింది. అందరూ తిరిగి చూసేసరికి వలలో బంతి, దాని ముందు కుప్పగా పడ్డ పిల్లలు. వాన వెలిసిన మైదానం. పచ్చ చొక్కాలు, బురద కొట్టుకుపోయిన వీపులు, ఒకరి మీద ఒకరు. వెంటనే ఆఖరి విజిలు కూడా పడింది. ఆ ఒక్క గోల్‌తోనే గెలిచారు.

"ఎవరు కొట్టారు?" అని గట్టంతా అరిచింది.

పిల్లలు లేచి నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "మేం కొట్టాం," అంది వకీలమ్మ కూతురు.

"మేం అంటే?" అంది గట్టు మీదినుంచి ఒకావిడ.

"మేమంటే మేమే ఆంటీ."

కోచ్ రెఫరీ దగ్గరికి పరిగెత్తాడు. పిల్లల ఆటల్లో జట్టు పేరే తప్ప కొట్టినవాళ్ల పేరు రాయరు, అది పిల్లల మీద ఒత్తిడి ఉండకూడదని పెద్దవాళ్లు పెట్టుకున్న నియమమే. "ఎవరో పచ్చ చొక్కా అమ్మాయి," అన్నాడు రెఫరీ, బూట్ల బురద గడ్డికి రాస్తూ. "మీరక్కడే ఉన్నారుగా, చూడలేదా?" కోచ్ మెడ గోక్కున్నాడు. అవతలి జట్టు కోచ్‌ను అడగొచ్చు. కానీ మా గోల్ మేం చూడలేదు, మీరు చెప్పండి అని ఏ మొహంతో అడుగుతాడు? బుధవారం క్లబ్బు గదిలో కూర్చుని తేలుద్దామని చెప్పి గీత పక్కన పెట్టిన ప్లాస్టిక్ కోన్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దరు పిల్లలూ వెనక సీట్లో ఒకే తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. ముందు సీట్లో బావాబావమరుదులు అద్దంలోంచి వాళ్లను చూస్తూనే ఉన్నారు.

"చెప్పండే తల్లీ, మాలో మేమే ఉంచుకుంటాం, కోచ్‌కు చెప్పం," అన్నాడు బావమరిది తేనె పూసిన గొంతుతో.

"వదినా, మామయ్యకు నిద్రొస్తున్నట్టుంది," అంది పిచ్చుక. జిరాఫీ మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మెకానిక్ భార్య కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఆదివారం సెలవుండదు. సాయంత్రం ఇంటికొచ్చి జరిగిందంతా విని సంచీ కింద పెట్టకుండానే నవ్వింది. "అంతమందికి కళ్లున్నాయి, ఒక్కరికీ చూపు లేకపోయింది. అందరినీ మా దుకాణానికి తీసుకురండి, తగ్గించి ఇప్పిస్తాను."

"నవ్వకు. పిల్ల భవిష్యత్తు," అన్నాడు మెకానిక్.

"పిల్లది పిల్లే చూసుకుంటుంది. మీది చెప్పండి."

ఆ మాటకు అతనికి ఒళ్లు మండింది. కానీ కూతురి ఆట తనకు ఎంత గొప్పో అతనికీ తెలుసు. ఏ మేడలో లిఫ్టు బాగుచేసినా, తలుపు మూసుకునేలోపు పిచ్చుక కబురు ఒకటి లోపలికి వేయకుండా వదిలేవాడు కాదు. ఆ అమ్మాయి పై లీగ్‌కు వెళ్లిందని చెప్పడానికి మాటలు కూడా ముందే కూర్చిపెట్టుకున్నాడు.

మర్నాడు ఒక పాత మేడ మీద పని. లిఫ్టు ఎక్కేటప్పుడు సన్నగా మూలుగుతోందని ఫిర్యాదు. డాబా మీది మోటారు గది తలుపు తీసి, కరెంటు ఆపి, తీగతాళ్ల మీద గుడ్డతో పాత గ్రీజు తుడిచాడు. మళ్లీ కరెంటు ఇచ్చి మోటారు తిరుగుతుండగా పెద్ద స్క్రూడ్రైవర్ కొనను దాని పెంకుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకున్నాడు. పాతకాలపు పద్ధతే. లోపల ఏ బేరింగు అరిగిందో ఇనుము తిన్నగా చెవిలో చెబుతుంది. మోటారు మొత్తంగా చేసే హోరును పక్కకు తోసి, దానికింద నడిచే చిన్న గరగరను పట్టుకోవాలి. పట్టుకున్నాడు. ఎడమవైపుది.

బేరింగు తెమ్మని హెల్పరును పంపి, రొట్టె పొట్లం విప్పుకుని ఫోన్ తెరిచాడు. బావమరిది ఆదివారం నాటి వీడియోలో గొడవ ముక్కను తల్లిదండ్రుల గ్రూపులో పెట్టేశాడు, కింద "ఎవరు ముందు నోరు పారేసుకున్నారో మీరే చూడండి" అని. మెకానిక్ అప్పటికే దాన్ని కోపంతో చాలాసార్లు చూశాడు. ఈసారి రొట్టె నములుతూ చూశాడు. వకీలమ్మ గొడుగు. ఇటు తిరిగిన కోచ్ మొహం. ఆ తర్వాత తనే. నోరంతా తెరుచుకుని, మెడ నరాలు తేలి, వేలు ఆడిస్తూ. వాన చుక్క ముక్కు మీద నిలిచి ఉంది, తుడుచుకోవాలని కూడా తెలియలేదు. ఇంత వికారంగా ఉంటానా అనుకున్నాడు.

చూడబుద్ధి కాక ఫోన్‌ను మోకాలి మీద బోర్లించాడు. బొమ్మ పోయింది, చప్పుడు మిగిలింది. హోరంతా తనదే. ఆ హోరు కింద ఏదో సన్నగా ఉంది. మళ్లీ మొదటికి తీసుకెళ్లి, ఫోన్‌ను స్క్రూడ్రైవర్‌లాగే చెవికి ఆనించుకున్నాడు.

"తూకం రాయి ఉందా..." అని తన అరుపు. దానికింద, దూరంనుంచి, "నాదే!"

బంతికి ఎదురెళ్లేటప్పుడు అలా అరవమని కోచ్ అందరికీ నేర్పాడు. కానీ ఆ 'దే' దగ్గర గొంతు కొంచెం పగలడం ఒక్కరికే ఉంది. అది ఉయ్యాల్లోంచి ఏడ్చినప్పటినుంచీ తెలిసిన పగులు. "నాదే!" ఆ వెంటనే ధన్‌మని బంతి. ఆ వెంటనే కేక.

మెకానిక్ రొట్టె పక్కన పెట్టాడు. లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు.  మళ్లీ విన్నాడు. మా అమ్మాయి! అని డాబా మీదికెళ్లి అరవాలనిపించింది. మరుక్షణమే ఇంకో సంగతి తట్టింది. కూతురు గోల్ కొడుతుంటే తను దానికి వీపు పెట్టి, దాని స్థాయి గురించి అరుస్తున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషానికో సిగ్గుకో అతనికే తెలియలేదు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి పిచ్చుక బాల్కనీలో కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో బూట్ల అడుగున ఎండిన బురద గీకుతోంది. పక్కనే కూర్చుని రెండో బూటు చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు ఇద్దరూ గీకారు.

"నాదే అన్నావు కదే," అన్నాడు మెల్లిగా.

బ్రష్ ఆగింది. "ఎవరు చెప్పారు?"

"నువ్వే. మామయ్య వీడియోలో. మా అరుపుల కింద."

పిచ్చుక పెదవి కొరుక్కుంది. "మీ అందరి వీపులూ చూసి, ఆ కుప్పలోనే అందరం ఒట్టేసుకున్నాం నాన్నా. వదినే వద్దంది, నీదని చెప్పెయ్యవే అంది. నేనే ఒప్పించాను."

"ఎందుకమ్మా? ఆ చోటు నీది!"

"ఆఖరి చోటంటే బెంచీ. ఎవరికైనా కాలు బెణికితే తప్ప లేవనివ్వరు. వదినకి అదే కావాలి. పెద్దవాళ్ల ఆట పక్కన కూర్చుని చూసి నేర్చుకుంటానంటుంది. నాకు కూర్చోవడం చేతకాదు, నీకు తెలుసుగా. కింది జట్టులో అయితే ఆటంతా నేనుంటాను." బూటును తిప్పి చూసుకుంది. "నాకు ఆడాలని ఉంది నాన్నా. అంతే."

మెకానిక్ కూతురి చేతిలోని బ్రష్ అందుకున్నాడు. బూటు అడుగున ఉన్న గుబ్బల మధ్య మట్టి మొత్తం పోయినా ఇంకా గీకుతూనే ఉన్నాడు. "నాకైనా చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే ఊళ్లో ప్రతి లిఫ్టూ ఎక్కుతుంది."

నవ్వు ఆపుకోలేకపోయాడు. "పోనీ, ఎలా కొట్టావో ఒక్కసారి చూపించవే. ఇక్కడే, ఈ సాక్సును ఉండచుట్టి ఇస్తాను."

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. "అది అప్పుడు చూడాలి నాన్నా. మళ్లీ అలాగే రాదు."

లోపలికి వెళ్లి భార్యతో చెప్పబోతే, ఆవిడ టమాటాలు కోస్తూనే, "విన్నారా? నేను ఆదివారం రాత్రే ఆ వీడియోలో విన్నాను. మీకు చెవులెప్పుడు తెరుచుకుంటాయా అని చూస్తున్నా," అంది.

మంగళవారం పాత మేడలో కొత్త బేరింగు ఎక్కించే పని. లిఫ్టు ఆపేసి, ప్రతి అంతస్తులోనూ బోర్డు తగిలించాడు. మధ్యాహ్నానికి కాస్త ముందు మెట్ల మీదినుంచి ఎవరో ప్రాణం పోతున్నట్టు ఆయాసపడుతున్న చప్పుడు వినిపించింది. మోటారు గది గుమ్మంలో బావమరిది ప్రత్యక్షమయ్యాడు. మొహం ఎర్రగా కందిపోయింది, చొక్కా వీపుకు అంటుకుపోయింది. దుకాణంలో ఒక మెట్టు ఎక్కాలన్నా కుర్రాళ్లను పంపే మనిషి, ఆ మేడ మొత్తం కాళ్లతో ఎక్కి వచ్చాడు.

"ఫోన్ చేయొచ్చుగా రా!" అని మెకానిక్ ఖాళీ డబ్బా బోర్లించి కూర్చోబెట్టి నీళ్ల సీసా ఇచ్చాడు.

"ఫోన్లో చెప్పే మాట కాదు బావా." సీసా సగం ఖాళీ చేశాడు. "గోల్ మాది కాదు. మీ పిచ్చుకదే. నాదే అని అరిచింది. నేను భుజాలమీద వేసుకుని తిప్పిన పిల్ల, దాని గొంతు నాకు తెలియదా? మా దాన్ని అడిగితే ఒక్కసారే బావురుమంది. ఇంక నాకు అన్నం సహించడం లేదు. రేపు మీటింగులో లేచి చెప్పేస్తాను."

మెకానిక్ బావమరిదిని కొత్తగా చూసినట్టు చూశాడు. పరువు పరువని ఊగిపోయే మనిషి. కూతురికి పై లీగ్ రావాలని మొక్కని దేవుడు లేడు. ఆ చోటు చేతిదాకా వచ్చాక, వదిలేస్తానని చెప్పడానికి ఇన్ని మెట్లెక్కాడు.

"చెప్పొద్దు," అన్నాడు. పిచ్చుక తనతో అన్నదంతా చెప్పాడు.

బావమరిది మొహం ముడుచుకుపోయింది. "అంటే ఏంటి? మా దానికి మీది దానం చేసిన చోటా? ముష్టి చోటు మాకొద్దు బావా!"

"ముష్టేంట్రా! గోల్ ఒక్కటే ఆటా? ఆ పూట మీ అమ్మాయి వెనకాల నిలబడి ఎన్ని బంతులు తలతో కొట్టి ఆపిందో నువ్వు చూశావా?"

"లేదు. ఫోన్..."

"నేనూ చూడలేదు. ఇద్దరి ఆటా చూడని మనం, ఎవరు గొప్పో ఎలా చెబుతాం? వాళ్లు చూసుకున్నారు, వాళ్లు తేల్చుకున్నారు."

బావమరిది తల వంచుకుని చక్రం మీది తీగతాళ్లను చూస్తూ కూర్చున్నాడు. "దీనికి అటు చివర ఏముంటుంది బావా?"

"ఎదురు బరువు. లిఫ్టు పైకెళ్తే అది కిందికొస్తుంది."

"అంతే మరి. ఒకరు పైకెళ్లాలంటే ఒకరు కిందికి..."

"నోర్మూసుకో. అవి ఇనప దిమ్మలు. ఇవి పిల్లలు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. మెకానిక్ బోల్టులు బిగించి, కరెంటు ఇచ్చి, స్క్రూడ్రైవర్ చెవికి ఆనించాడు. హోరు ఉంది, గరగర లేదు. "పద, దిగేటప్పుడు లిఫ్టులో వెళ్లు."

"బాగైందా?" అని బావమరిది అనుమానంగా చూశాడు.

"నేను చేశాను కదరా."

కిందికి దిగేసరికి రెండో అంతస్తు ముసలావిడ బోర్డు తీసేశారని సంతోషంగా తలుపు దగ్గర నిలబడి ఉంది. "మీ పిచ్చుక ఆట ఏమైంది నాయనా? గోల్ కొట్టిందా?" అని అడిగింది. నాలుక చివరిదాకా వచ్చింది. మెకానిక్ పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "జట్టు కొట్టిందమ్మా," అన్నాడు. అతని జీవితంలో ఇంత గర్వంగా ఇంత చిన్న మాట ఎప్పుడూ చెప్పలేదు.

బుధవారం క్లబ్బు గదిలో అందరూ మడత కుర్చీల్లో కూర్చున్నారు. వీడియో అందరూ చూసినట్టే ఉంది. ఎవరి మొహం వాళ్లు చూసుకున్న సిగ్గు అందరిలోనూ ఉంది. వకీలమ్మ కూడా గొడుగు బయటే పెట్టి వచ్చింది. "ఆ గోల్ ఎవరు కొట్టారో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని కోచ్ అడిగాడు. బావమరిది కుర్చీ కిర్రుమంది. మెకానిక్ అతని మోచేతి మీద చెయ్యి వేసి, తనే లేచాడు.

"నేను చూడలేదండి," అన్నాడు. ఆ గొంతుతో అంత మెల్లిగా మాట్లాడగలడని అక్కడెవరికీ తెలియదు. "నా కూతురు ఆడుతుంటే నేను చూడలేదు. కాబట్టి నేను మాట్లాడను."

"నేనూ చూడలేదు," అంది వకీలమ్మ.

తనూ చూడలేదని కోచ్ అందరికన్నా ఆఖర్న ఒప్పుకున్నాడు. గోల్ సంగతి వదిలేసి, తను చూసిన ఆటనుబట్టి చెబుతానన్నాడు. వెనకాల నిలబడి బంతుల్ని ఆపినందుకు జిరాఫీకి ఆ చోటు ఇచ్చాడు. బావమరిది బయటికొచ్చి గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. మెకానిక్ చూడనట్టు నటించాడు.

కొత్త సీజన్ మొదలైన ఆదివారం పొద్దున్నే కింది జట్టుకు మొదటి ఆట. జిరాఫీ గీత పక్కన నిలబడి, "పిచ్చుకా, ఎడమకెళ్లవే!" అని గొంతు చించుకుంటోంది. మెకానిక్ భార్య ఆ పూటకు దుకాణంలో సెలవు అడిగి వచ్చింది. గట్టు మీద కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు కొందరు అప్పుడే గుంపు కట్టారు. కింది లీగ్‌లో ఉంటే పిల్లల్ని ఎవరు చూస్తారు, నది అవతలి క్లబ్బే నయమేమో అని మొదలైంది. ఒకాయన మెకానిక్ భుజం తట్టి, "మీరు పాతవాళ్లు కదా, మీరేమంటారు?" అన్నాడు.

"ఆటయ్యాక," అన్నాడు మెకానిక్. తల తిప్పలేదు.

వెనక గొంతులు పెద్దవయ్యాయి. బావమరిది చెయ్యి అలవాటు కొద్దీ జేబులోకి వెళ్లింది, ఫోన్ తియ్యకుండానే బయటికొచ్చింది. మైదానం మధ్యలో బంతి గాల్లోకి లేచింది. "నాదే!" 'దే' దగ్గర పగిలింది. పిచ్చుక పరిగెత్తుకొచ్చింది, ఎడమ కాలు నాటింది, నడుము తిప్పింది, కుడి కాలితో ఒక్కటి ఇచ్చింది. బంతి పైకి లేచి, గోల్ అడ్డకొయ్యను రాసుకుంటూ, దాని మీదినుంచి వెళ్లి వెనకున్న కంచెకు తగిలింది.

"అబ్బా! తప్పింది బావా!" అని బావమరిది తల పట్టుకున్నాడు.

మైదానంలో పిచ్చుక నడుం మీద చేతులు పెట్టుకుని, వెనక్కి తిరిగి గట్టు వైపు చూసింది. మెకానిక్ అక్కడే ఉన్నాడు, రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు.

"తప్పనీరా," అన్నాడు. "మొత్తం చూశాను."